ఉప్పు ఒక్కరే వెయ్యాలె: ఆలుమగల లొల్లి తీరేటందుకు మేం పట్టుకున్న దారి

హన్మకొండ నయీంనగర్‌ల మాకు చిన్న కర్రీ పాయింట్ ఉన్నది. 2011ల పెట్టినం. నేను, మా ఆయన, గిన్నెలు కడిగే ఒక అక్క, ముగ్గురమే. పొద్దుగాల పదకొండు కొట్టేసరికి ఎనిమిది రకాల కూరలు, పప్పు, సాంబారు, పచ్చిపులుసు తయారుగ ఉండాలె. హాస్టళ్ల పిల్లలు, రూములల్ల ఉండి కోచింగ్‌లకు పోయేటోళ్లు వచ్చి వరుస కడ్తరు.

పెట్టిన కొత్తల ఒకనాడు టమాట పప్పుల నేను ఉప్పేసిన. ఎయ్యలేదనుకొని ఆయన మళ్ల ఏసిండు. గంజెడు పప్పు మోరీల పోసినం. "నువ్వు చూడొద్దా" అని నేను, "నువ్వు చెప్పొద్దా" అని ఆయన. తెల్లారి ఇంకా అన్యాయం. నిన్నటి భయానికి ఇద్దరిల ఎవ్వరం ఎయ్యలే. చప్పటి పప్పు అరవై మంది తీస్కపోయిన్రు. ఆ మాపు షెటర్ ఏసినంక ఒక మాట అనుకున్నం. ఉప్పు ఆయనది, పోపు, కారం నాది. ఆయన ఉప్పేసినంక గంటెతోని నా చేతుల ఇంత పోస్తడు. నేను రుచి చూసి సరే అంటనే గిన్నె పొయ్యి మీదికెళ్లి దిగుతది. ఏసేది ఒక్కరు, రుచి చూసేది ఇద్దరు. ఆ నాటి నుంచి ఉప్పు కాడ మా మడిగెల లొల్లి లేదు.

మడిగెల దొరికిన ఈ ఉపాయాన్ని ఇంట్లకు తెచ్చుకోవడానికి మాకు అయిదేండ్లు పట్టింది. ఆ నడుమ మా సంసారం తెగేదాక పోయింది. ఈ మధ్య మా గల్లీల కొత్తగ పెండ్లయిన పిల్లలు వచ్చి, "అక్కా, పొద్దంత ఒక్క కాడనే ఉంటరు, మీకు ఎట్ల పడుతది" అని అడుగుతున్నరు. వాళ్లకు నిలబడి ముక్కలు ముక్కలుగ చెప్పిందంత ఇక్కడ ఒక్క కాడ రాస్తున్న.

ముందుగాల ఒక మాట. మీ ఇంట్ల దెబ్బలు పడుతుంటె, కట్నం కోసం పీడిస్తుంటె, తాగొచ్చి పిల్లలను భయపెడుతుంటె, నేను రాసేది మీ కోసం కాదు. దాన్ని కొట్లాట అనరు, హింస అంటరు. దానికి 2005ల వచ్చిన గృహహింస చట్టం ఉన్నది. 181 నంబరుకు రాత్రైనా పగలైనా ఫోన్ చెయ్యొచ్చు. సఖి కేంద్రానికి పోతె ఆసరా దొరుకుతది, కేసు సంగతి చెప్తరు. ప్రాణం మీదికి వస్తె 112కు కొట్టుండ్రి. దేవుని పేరు చెప్పి దెబ్బలు ఓర్చుకొమ్మనేటోళ్ల మాట వినకుండ్రి. నేను చెప్పేది, ఇద్దరూ మంచోళ్లే ఉండి ఒకర్ని ఒకరు నమ్మలేని కాడికి వచ్చిన ఇండ్ల గురించి.

మా ఇంట్ల అయింది

2016 ఎండకాలం. అంతకు ముందటేడు వానలు లేవు. మా ఆయనది పరకాల దిక్కు ఊరు, మా మరిది అక్కడ ఎవుసం చేస్తడు. బిడ్డ ఇంటర్ అయిపోంగనే పై చదువుకు అక్కెరకొస్తయని మేము రెండు లక్షల చిట్టి ఏసినం. కటింగ్ పోను లక్షా ఎనభై వేలు చేతికొచ్చినయి. వచ్చినయని నాకు తెల్వదు. ఆయన చిట్టి ఎత్తి తమ్మునికి ఇచ్చిండు. రెండు బోర్లు ఏసిన్రు, రెండిట్లా దుబ్బ లేసింది. మే నెలల చిట్టి నడిపేటామె కూర కోసం మడిగె కాడికి వచ్చి, "పైసలు అక్కెరకొచ్చినయా వదినా" అన్నది. ముంగట పది మంది నిలబడ్డరు. సాంబారు కవరుల పోస్తున్నదాన్ని, కాలు మీద పోసుకున్న. పైసల కంటె ఎక్కువ, అట్ల పది మంది నడుమ తెలుసుడే నన్ను కాల్చింది.

ఆలుమగల కొట్లాట అద్దం మీద పెసరగింజ నిలిచినంతసేపు అంటరు. మా అద్దం మీద ఆ గింజ జారలే. నెల రోజులు ఒక్క వంటింట్లనే నిలబడి, మాట లేకుంట వండినం. "మీ నాయినకు చెప్పు, సిలిండర్ అయిపోతున్నదని" అని కొడుకుతోని చెప్పిస్త. ఆయన రెండడుగుల దూరంలనే ఉంటడు. జూన్‌ల నేను బిడ్డను తీస్కొని నర్సంపేట దిక్కు మా తల్లిగారింటికి పోయిన. కొడుకు ఆయన కాడ ఉన్నడు. అక్కాతమ్ముళ్లు ఒకరినొకరు ఫోన్‌ల చూసుకునే గతి వచ్చింది. ఆయన పదకొండు రోజులు ఒక్కడే మడిగె నడిపి, ఇగ కాదని షెటర్ ఏసిండు. నేను ముప్పై ఏడు రోజులు ఉన్న.

మా బాపు ఏనాడూ "పో" అనలే, "ఉండు" అనలే. ఒక మాపటిజాము వాకిట్ల కూసొని ఒక్కటే అడిగిండు. "బిడ్డా, మొన్న మేడారంల ఎత్తు బంగారం మొక్కు తీర్చుకున్నవు గదా. మొక్కేటప్పుడు అల్లున్ని అడిగినవా?"

మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రెండేండ్లకొక్కసారి అయితది. అక్కడ బెల్లాన్నే బంగారమంటం. 2014 జాతరల, మా మడిగె నిలదొక్కుకుంటె మా ఆయన ఎత్తు బంగారం ఇచ్చుకుంటనని నేను మొక్కిన. ఆయనకు చెప్పలే. 2016 ఫిబ్రవరి జాతర ఇంక పది రోజులుందనంగ చెప్పిన, డెబ్బై రెండు కిలోల బెల్లం కొనాలెనని. ఆయన మొఖం చిన్నబోయింది. "నా బరువు మొక్కినవు, నన్ను ఒక్క మాట అడగొద్దా" అన్నడు. అన్నడు గానీ బెల్లం ఆయనే తెచ్చిండు, కాంటా మీద కూసున్నడు, ఆ మందిల గద్దెల దాక మోసిండు. నేను చేసింది భక్తి అనుకున్న, ఆయన చేసింది మోసం అనుకున్న. బాపు అడిగిన రాత్రి నాకు నిద్ర పట్టలే. మూడు వేల బెల్లానికి, లక్షా ఎనభై వేలకు పోలిక లేదు, నిజమే. చేసిన పని మాత్రం ఒక్కటే. ఇద్దరు తినే గిన్నెల ఒక్కరు చెప్పకుంట ఉప్పేసుడు.

అందుకే నా కాడికి వచ్చే పిల్లలకు మొదలు ఈ పని చెప్త. ఎదుటి మనిషి చేసిన తప్పును, మనిషి పేరు లేకుంట, పైసల లెక్క లేకుంట ఒక్క ముక్కల రాయుండ్రి. "అడగకుంట చేసుడు" అనో, "పది మందిల తక్కువ చేసి మాట్లాడుడు" అనో. దాని కింద అసొంటివి మీరు చేసినవి రాయుండ్రి, ఎంత చిన్నవైనా సరే. ఎదుటోళ్లకు చూపెట్టే అక్కెర లేదు. నన్ను మా బాపు అడిగిండు. అట్ల అడిగే మనిషి లేనోళ్లను ఆ కాయితం అడుగుతది.

ఇద్దరికీ లాభం లేని పని ఒకటి పట్టుకోవాలె

భద్రకాళి అమ్మవారి గుడిల ఆషాఢ శుద్ధ పాడ్యమి నుంచి పున్నమి దాక శాకంబరీ ఉత్సవాలు అయితయి. పున్నమి నాడు అమ్మవారిని నిండ కూరగాయలతోని, ఆకుకూరలతోని, పండ్లతోని అలంకరిస్తరు. నూరేండ్లు వానలు లేక లోకం ఎండిపోతె, తల్లి తన ఒంట్లకెళ్లి కూరలు పుట్టిచ్చి అందరి కడుపులు నింపిందని దేవీ మాహాత్మ్యంల ఉన్నది. కూరలమ్ముకొని బతికేటోళ్లం, మాకు ఇంతకంటె దగ్గరి దేవత ఎవరు? మడిగె పెట్టిన కాన్నుంచి ప్రతి ఆషాఢం ఒక బస్తా కూరగాయలు ఇచ్చుకుంటం.

2016ల ఆ పున్నమి జూలై 19న వచ్చింది. రెండు రోజుల ముందుగాల ఆయన ఫోన్ చేసిండు. లొల్లి సంగతి ఎత్తలే. "అమ్మవారికి కూరగాయలిచ్చే యాళ్లయింది. ఒక్కన్నే తీస్కపోబుద్ధి అయితలేదు" అన్నడు. కొత్త కోడండ్లు ఆషాఢంల తల్లిగారింట్ల ఉంటరు. నేను పెండ్లయిన పద్దెనిమిదేండ్లకు ఆషాఢంల తల్లిగారింట్ల కూసున్న. మొక్కు కాడ కాదనబుద్ధి కాలే. వచ్చిన.

ఆ రాత్రి నడిమి అర్రల చాప పరుచుకొని, పక్కపక్కన కూసొని బస్తా విప్పినం. పుచ్చులు ఏరుడు, కాడలు సవరిచ్చుడు, తడిబట్టతోని తుడుసుడు, దండ గుచ్చేటోళ్లకు అలకగ ఉండేటట్టు చిన్నయి, పెద్దయి వేరు చేసుడు. దొండకాయలు, బెండకాయలు, పచ్చి మిరపకాయలు, గోరుచిక్కుళ్లు, సొరకాయలు. మూడు గంటలు పట్టింది. "ఈ సొరకాయ లేతగున్నది, పైన పెట్టు" అన్నడు. మేము ఎదురుగ మాట్లాడుకున్న మొదటి మాట అది.

తెల్లారి గుడిల ఇచ్చొచ్చి చెరువు కట్ట మీద కూసున్నం. అప్పుడు ఆయనే చెప్పిండు. తమ్ముడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "అన్నా, ఇగ నాతోని కాదు" అన్నడట. ఆ గొంతు విని పానం గిలగిల కొట్టుకున్నదట. "నిన్ను అడుగుతె వద్దంటవేమోనని అడగలే" అన్నడు. నాకు ఏడుపాగలే. "అడిగుంటె నేనే పట్టుకపోయి ఇచ్చేదాన్ని" అన్న.

నెల రోజులు ఒక్క వంటింట్ల కలిసే వండినరు గదా, అప్పుడు రాని మాట ఇప్పుడెట్ల వచ్చింది? నేను చాన రోజులు ఆలోచించిన. మడిగె పనిల లెక్క ఉంటది. నేనెన్ని కూరలు చేసిన, నువ్వెన్ని పొట్లాలు కట్టినవు, గల్లా ఎవరి చేతుల ఉన్నది. ఆ రాత్రి చేసిన పనిల ఆ లెక్క లేదు. ఇద్దరం ఇచ్చేటోళ్లమే, మా ఇద్దరిల తీసుకునేటోళ్లు ఎవరూ లేరు. అమ్మవారి మీద ఇద్దరికీ కోపం లేదు. ఆమె కోసం వంగిన నడుము, ఒకరి ముంగట ఒకరు వంగినట్టు అనిపియ్యలే.

కాబట్టి కొట్లాట మీద ఉన్నోళ్లు ముందుగాల కూసొని మాట్లాడుకోవాలెనని చూడకుండ్రి. మాట్లాడితె అదే లొల్లి మళ్ల మొదటికొస్తది. చేతులతోని చేసే ఒక పని వెతుక్కోండ్రి. దానితోని మీకు పైస రావొద్దు, మెప్పు రావొద్దు. అరగంటకు తక్కువ ఉండొద్దు. పక్కపక్కన కూసొని చేసేది ఉండాలె. ఫోన్లు ఇంకో అర్రల పెట్టాలె. గుడి ముంగట ఊడ్చుడైనా సరే, అన్నదానానికి ఉల్లిగడ్డలు కోసుడైనా సరే. బతుకమ్మ దినాలల్ల గునుగు, తంగేడు తెచ్చి, గునుగు మొదళ్లు సమానంగ కోసి, రంగులద్ది పెట్టుడు ఉన్నదే, అంత మంచి పని ఇంకోటి లేదు. మొగోళ్లకు అది ఆడోళ్ల పని అనిపిస్తది, అనుకోకుండ్రి. మీరు అమ్మవారిని కొలిచేటోళ్లే కావాలెనని లేదు. కాజీపేట దర్గాకు పోయేటోళ్లు, ఫాతిమా చర్చికి పోయేటోళ్లు మా దగ్గర కూరలు కొంటరు. ఎవరి దేవుని కాడ వాళ్లకు అసొంటి పని దొరుకుతది.

ఒక్కరు వస్తరు, ఒక్కరు రారు, అదీ అయితది. అప్పుడు పిలువకుండ్రి, ఎత్తిపొడువకుండ్రి. మీరు సగం చేసి, మిగిలిన సగం వాళ్లకు చెయ్యందేటట్టు పెట్టి లేవుండ్రి. మా గల్లీల ఒక పిల్ల ఇట్లనే రోజు మాపటికి సగం పూలు గుచ్చి గంపల పెట్టేది. నాలుగు దినాలు ఎండిపోయినయి. అయిదో నాడు ఆటో పెట్టొచ్చి ఆమె పెనిమిటి సూది అందుకున్నడు.

నాలుకకు దీక్ష

భద్రకాళి గుడి గురించి పూజారులు ఒక మాట చెప్తరు. ఒకప్పుడు అమ్మవారి రూపం ఉగ్రంగ ఉండేదట. 1950ల గుడిని బాగు చేసినప్పుడు, ఆ తల్లి నాలుక మీద అమృత బీజాక్షరాలు రాసి శాంతమూర్తిని చేసిన్రట. చిన్నప్పటి నుంచి విన్న మాటే. లొల్లి అయినంక విన్నప్పుడు మాత్రం ఒళ్లు జల్లుమన్నది. చేతులల్ల అన్ని ఆయుధాలున్న తల్లిని చల్లబరచాలెనంటె నాలుక కాడ మొదలు పెట్టిన్రు.

మరుసటేడు నుంచి ఆషాఢంల ఆ పదిహేను రోజులు మాటకు దీక్ష పడుతున్నం. ఎట్లంటె, పాడ్యమి నాడు తలా ఒక చీటి రాస్తం. ఎదుటి మనిషి నోట్లకెళ్లి వస్తె గుండెల గుచ్చుకునే మూడు మాటలు. ఎవరివి వాళ్లే రాయాలె. నేను మొదటిసారి రాసినయి: "నీకేం తెలుసు", "నోర్ముయ్", "మీ తల్లిగారింటికే పో". ఆయన రాసినయి చూసి నేను నిర్ఘాంతపోయిన. "నీకు చేతగాదు" ఉంటదని తెలుసు. "మా బాపు అయితేనా" అన్న మాట అంత నొప్పిస్తదని తెల్వదు. మూడోది మాటనే కాదు. "మాట్లాడకుంట గిన్నెలు గట్టిగ పెట్టుడు" అని రాసిండు. చీటీలు మార్చుకొని చదువుకొని, దేవుని పటం ఎనక పెడతం.

పదిహేను రోజులల్ల నోరు జారితె ఏం చెయ్యాలె? చెంపలేసుకునుడు, గుంజిళ్లు తీసుడు మాకు పనికిరాలే. అవి పిల్లల ఆట లెక్క అయితయి. జారినోళ్లు ఆ మాపటికి దీపం ముట్టిచ్చి, ఎదుటి మనిషి పేరు మీద మొక్కాలె. "ఈయన నడుము నొప్పి తగ్గాలె తల్లీ" అని నోరు తెరిచి అనాలె. కోపం మీద ఉన్నప్పుడు ఇది ఎంత కష్టమో చేస్తెనే తెలుస్తది. మొదటేడు నేను తొమ్మిదిసార్లు ముట్టిచ్చిన, ఆయన నాలుగుసార్లు. పదిహేను రోజులు అయినంక ఆ మాటలు మళ్ల వస్తయి, రావని నేను అబద్ధం చెప్పను. వచ్చే ముందు నాలుక ఒక్క గడియ ఆగుతది, అంతే. ఆ గడియతోని చాన ఇండ్లు నిలబడతయి.

ఏ గిన్నెల ఎవరి ఉప్పు

ఇప్పుడు లెక్కల సంగతి. దేవుని పని, నాలుక దీక్ష ఎంత చేసినా ఇది చెయ్యకుంటె మళ్ల అదే గుంతల పడుతరు. రెండు వందల పేజీల నోట్‌బుక్ కొనుండ్రి. మొదటి పేజీల ఇంట్ల నిర్ణయాలన్నీ రాసి, ఒక్కొక్క దాని ముంగట ఉప్పు ఎవరిదో రాయుండ్రి.

మా నోట్‌బుక్‌ల ఇట్ల ఉన్నది. రోజు కూరగాయల కొనుగోలు ఆయనది. సరుకులు, సిలిండర్లు నావి. చిట్టీలు, అప్పులు ఆయనవి. పిల్లల ఫీజులు నావి. రెండు వేలు దాటిన ఏ ఖర్చైనా, ఎవరి ఉప్పైనా, రెండో మనిషికి రుచి చూపియ్యాలె. రుచి చూసేటోళ్లు "ఎక్కువైంది" అనొచ్చు, గంటె గుంజుకోవద్దు. ఇది మర్సిపోతె మొత్తం చెడుతది.

పెద్దోళ్ల సంగతి మేము తారుమారు చేసినం. మా అత్తమ్మ మందులు, దవాఖాన, చీరెలు, ఆమె చేతి ఖర్చు, వాటి ఉప్పు నాది. మా అవ్వబాపులది ఆయనది. ముందుగాల ఇద్దరికీ మింగుడు పడలే. నడిపిచ్చి చూస్తె, "మీ అమ్మకు పెడుతున్నవు, మా అమ్మకు పెడ్తలేవు" అనే మాటకే జాగ లేకుంట పోయింది. మా అత్తమ్మ షుగర్ గోలీలు అయిపోయినయని ఇప్పుడు కొడుకుకు చెప్పదు, నాకే ఫోన్ చేస్తది. మా బాపుకు కంటి ఆపరేషన్ అయితె మా ఆయన నాలుగు రోజులు మడిగె నా మీద ఇడిసిపెట్టి పోయి ఉన్నడు. బాపు ఆ నాలుగు రోజుల ముచ్చట ఇప్పటికీ చెప్తడు.

మరి తమ్మునికిచ్చిన లక్షా ఎనభై వేలు? అదీ నోట్‌బుక్‌లకెక్కింది, ఒక పేజీ మీద ఒక్కటే. మా మరిది పైసలు ఇయ్యలేనన్నడు, బియ్యం ఇస్తనన్నడు. మేము అన్నం కూడ అమ్ముతం, బియ్యం ఎప్పుడూ కావాలె. 2017 నుంచి అయిదేండ్లు, ఏడాదికి ఆరు క్వింటాళ్లు పంపిండు. ఏ ఏడుకు ఆ ఏడు ధర కట్టి రాసినం. 2022ల ఇంకా యాభై వేలకు పైన మిగిలింది. ఇద్దరం కూసొని, మాట్లాడుకొని, దాన్ని కొట్టేసినం. కింద ఇద్దరం సంతకం పెట్టినం. 2016ల ఆయన ఒక్కడే ఇచ్చిండు, 2022ల ఇద్దరం ఇచ్చినం. మా యారాలు ఆ సంకురాత్రికి సకినాలు మోసుకొని వచ్చింది.

2020ల లాక్‌డౌన్ పెట్టంగనే హాస్టళ్లు ఖాళీ అయినయి, మడిగె మూతపడ్డది. మళ్ల తిప్పలు మొదలైనయి. అప్పుడు మాకు కొట్లాట రాలేదని కాదు, వచ్చింది. కాకుంటె నోట్‌బుక్ ముంగటేసుకొని కొట్లాడినం. ఎంత ఉన్నది, ఎన్ని రోజులొస్తది అని ఇద్దరికీ తెలిసి కొట్లాడుడు వేరు.

మాట్లాడే జాగ

ఇంట్ల మాట్లాడకుండ్రి. పండుకునే ముందు అసలే వద్దు, ఆకలి మీద వద్దు. మేము సోమవారం మూడున్నరకు, పగటి బేరం అయిపోయి రాత్రి వంట మొదలయ్యే నడిమిట్ల, వేయి స్తంభాల గుడికి పోతం. గంట సేపు. పోంగ నోట్‌బుక్ సంచిల ఏసుకొని పోతం.

ఆ గుడిని 1163ల కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టిచ్చిండు. అది త్రికూటాలయం. శివునికి, విష్ణువుకు, సూర్యునికి ఎవరి గర్భగుడి వాళ్లకున్నది, ముగ్గురికీ మండపం ఒక్కటే. నేను చిన్నప్పటి నుంచి ఆ స్తంభాల నడుమ తిరిగిన, ఇది ఎప్పుడూ ఆలోచించలే. ఇప్పుడు అనిపిస్తది, సంసారంల కూడ ఎవరి గర్భగుడి వాళ్లకు ఉండాలె. మా ఆయనకు శుక్రవారం రాత్రి దోస్తులతోని రెండు గంటలు. నాకు ఆదివారం మా అక్కతోని ఫోన్. అక్కడికి ఇంకొకరు చెప్పులేసుకొని పోవద్దు.

ఒకసారి అక్కడ కూసున్నప్పుడు, మాకు తెలిసిన పెద్ద పంతులు ఒకాయన సప్తపదికి అర్థం చెప్పిండు. పెండ్లిల ఏడడుగులు ఏసినం గానీ మంత్రం ఎవరు విన్నరు? బంధువులు, ఫోటోలు, బాజాలు. మొదటి అడుగు "ఇషే" అంటె అన్నం కోసమట. రెండోది బలం కోసం. మూడోది "వ్రతాయ", వ్రతం కోసం. ఏడడుగులు అయినంక చెప్పే మాట "సఖా సప్తపదా భవ", ఏడడుగులతోని నాకు స్నేహితురాలివి కావాలె అని. మాకు మొదటి అడుగు అన్నం అని వినంగనే ఇద్దరం ఒకరి మొఖం ఒకరు చూసుకున్నం. పొద్దంత మేము చేసేది అదే గదా. మూడోది మా ఆషాఢం దీక్ష. పూజల సంకల్పం చెప్పేటప్పుడు "ధర్మపత్నీ సమేతస్య" అని ఎందుకంటరో అప్పుడు తెలిసింది. పెండ్లయినోని మొక్కు ఒక్కని మొక్కు కాదు. మేడారంల నేను చేసిన తప్పు అక్కడే. ఇప్పుడు మా ఇంట్ల ఏ మొక్కైనా ఇద్దరం అనుకొని మొక్కాలె, నోట్‌బుక్‌ల రాయాలె. చిన్న కొబ్బరికాయ మొక్కైనా సరే.

మాట్లాడేటప్పుడు మా పద్ధతి ఇది. ముందుగాల ఆ వారం ఎదుటి మనిషి చేసిన ఒక మంచి పని చెప్పాలె, ఏ రోజు, ఏ యాళ్లకో చెప్పాలె. "నువ్వు మంచోనివి" అంటె చెల్లదు. "బుధవారం నాకు జరమొస్తె గుత్తి వంకాయ నువ్వే చేసినవు" అనాలె. ఆ తర్వాత నొప్పి చెప్పుకునుడు, వారానికి ఒక్కటే. మిగిలినయి వచ్చే సోమవారానికి. చాన నొప్పులు వచ్చే సోమవారం దాక బతకయి.

పెద్దమనుషుల పంచాయితికి పోవద్దని నేను అనను. పది మందిని కూసోబెడితె మాత్రం ఎవరు గెలిచిన్రని చూస్తరు. మీ దిక్కు ఒక్కరు, వాళ్ల దిక్కు ఒక్కరు, నోరు కట్టుకునేటోళ్లు చాలు. మా బాపు అసొంటోళ్లు, ఒక్క ప్రశ్న అడిగి ఊకునేటోళ్లు దొరికితె ఇంకా మంచిది.

పోయిన నెల కొడుకుకు బండి కొనిస్తనని ఆయన మాటిచ్చిండు, నాకు రుచి చూపియ్యకుంట. నేను గిన్నెలు గట్టిగ పెట్టిన. ఆ సోమవారం గుడి మెట్ల మీద ఆయనే ముందుగాల నోరు తెరిచిండు. బండి సంగతి ఇంకా తేలలే, వచ్చే సోమవారానికి పెట్టినం.

మీరు రేపే మొదలు పెట్టాలెననుకుంటె, దేనికోసం చెయ్యాలెనో తోచకుంటె, మీ గల్లీల ఒక్కలే ఉండే ముసలామె ఎవరో ఉంటరు, ఆమె కోసం చెయ్యుండ్రి. చిక్కుడుకాయ తీసుకోండ్రి, అరకిలో చాలు. ఈనెలు తీసుడు, పురుగు చూసుడు, తుంచుడు ఇద్దరికీ అరగంట పడుతది. చాప మీద పక్కపక్కన కూసోండ్రి, పళ్లెం నడుమ పెట్టుకోండ్రి. పొయ్యి మీద కూర ఉడికేటప్పుడు ఉప్పు ఎవరేస్తరో ముందే అనుకోండ్రి. దించే ముందు రెండో మనిషి అరచేతుల ఇంత పోసి అడుగుండ్రి.